ఎరుపంటే ఒక్క ఎరుపేనా?

"ఈ వయసులో బొమ్మలేంటి?" అని మిమ్మల్ని ఎవరో ఒకరు అనే ఉంటారు. ఎవరూ అనకపోతే మనకి మనమే అనుకుని ఉంటాం. సైన్సు రికార్డులో మందారపువ్వు నిలువుకోత క్లాసులో అందరికంటే బాగా వేసి, పెళ్ళయ్యాక పెన్సిల్ పక్కన పెట్టేసిన వాళ్ళం మనలో ఎంతమందిమో! నేనూ అంతే. నలభై దాటాక గుంటూరులో నీటిరంగుల తరగతిలో చేరాను. చుట్టూ స్కూలు పిల్లలు. మొదటి రోజు వాళ్ళు నన్ను చూసి, ఎవరో పిల్లని దింపడానికొచ్చిన అమ్మ అనుకున్నారు.

మీకూ ఆ కోరిక ఉంటే నా తప్పులు పనికొస్తాయని రాస్తున్నాను.

ముగ్గు వేసిన చెయ్యి

చుక్కల ముగ్గు వేసే చేతికి గీత వణకదు. అది మనకి కలిసొచ్చే సంగతి. మాస్టారు మొదట చెంబు, వంకాయ, ఉల్లిపాయ వేయించారు. చెంబు మూతి గుండ్రమని తెలుసు కనుక గుండ్రంగా వేసేశాను. తీరా కూర్చుని చూస్తే అది కోలగా కనిపిస్తుంది! తెలిసింది కాదు, కనిపించింది వెయ్యాలి. ఈ ఒక్క ముక్క ఒంటపట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ముగ్గు అలవాటుతో ఒక చిక్కు కూడా ఉంది. ప్రతిదానికీ చుట్టూ గీత గీసేస్తాం. రంగుల్లో ఆ గీత అక్కర్లేదు. వెలుగు పక్కన నీడ పడితే అంచు దానంతటదే తేలుతుంది.

కల్లం దగ్గర పాఠం

మూడో వారం మిరపకాయల కల్లం వెయ్యబోయాను. ఎర్రరంగు ట్యూబు సగం ఖర్చయింది. పక్కనున్న పిల్లాడు చూసి "ఆంటీ, ఇది కార్పెట్టా?" అన్నాడు. ఆ రాత్రి మానేద్దామనే అనుకున్నాను. ఇంట్లో ఒక్కరూ కూడా ఎందుకని అడగరు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఆ ఆదివారం మా ఊరి కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాను. వాళ్ళ చెయ్యి ఆగదు. రంగు తప్పిన కాయ ఒక పక్కకి, మంచి కాయ ఒక పక్కకి. యార్డులో ధర పలకడానికి రంగు కూడా ముఖ్యమే కదా. నిన్న పోసిన కాయ నిగనిగలాడుతుంది. ఎండినకొద్దీ ముదురెరుపుకి తిరుగుతుంది. రాశి నీడవైపు ఎరుపులో నీలం తొంగిచూస్తుంది. ఇన్నేళ్ళూ ఆ కల్లం పక్కనే నడిచాను. ఒక్కనాడూ చూళ్ళేదు.

తర్వాత వేసిన బొమ్మలో ఎండపడ్డ చోట ఎరుపులో కాస్త నారింజ, నీడలో కాస్త నీలం కలిపాను. మెరుపున్న చోట కాగితాన్ని వదిలేశాను. నీటిరంగుల్లో తెలుపు సాధారణంగా వెయ్యరు, కాగితమే తెలుపు. పత్తిచేను వెయ్యాలన్నా అంతే. చుట్టూ నల్లరేగడి వేసుకొస్తే పత్తి తనంతట తనే విచ్చుకుంటుంది. ఆ నేలకి నల్లరంగు వాడకండి, జీవం పోతుంది. బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరైన్ నీలం కలిపి చూడండి.

ఇంకోటి, లేతరంగు ముందు, ముదురురంగు తర్వాత. కూరలో ఉప్పులాంటిదే. తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం.

ఏమేం కావాలి?

పన్నెండు రంగుల ట్యూబుల పెట్టె ఒకటి. 2, 6, 10 నంబర్ల గుండ్రటి బ్రష్షులు. మందపాటి కాగితం. 300 జి.ఎస్.ఎం. అయితే తడికి అంతగా ఉబ్బదు. రంగులు కలపడానికి తెల్ల పింగాణీ ప్లేటు. దాన్ని మళ్ళీ తిండికి వాడకండి, కొన్ని రంగుల్లో విషపదార్థాలుంటాయి. నీళ్ళకి రెండు గ్లాసులు, ఒకటి బ్రష్షు కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. పాత నూలుగుడ్డ. బ్రష్షుని నీళ్ళలో నిలబెట్టి వదిలేస్తే కొస వంకరపోతుంది, జాగ్రత్త.

మనకంటే ముందే

ఆడవాళ్ళకి బొమ్మలెందుకు అనేవాళ్ళుంటే రాజమండ్రి సంగతి చెప్పండి. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయిన దామెర్ల రామారావు గారి భార్య సత్యవాణి గారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారూ చిత్రకారిణులే. ఊళ్ళో ఉంటే ఏం నేర్చుకుంటాం అనేవాళ్ళకి మన తుమ్మపూడి చాలు. సంజీవదేవ్ గారు (1914-1999) ఆ పల్లెలో ఉంటూనే బొమ్మలు వేశారు, కళల గురించి పుస్తకాలు రాశారు.

వాళ్ళంత వాళ్ళం అవుతామని కాదు. నా రెండో కల్లం బొమ్మ కూడా అంతంతమాత్రమే. అయినా దాన్ని చూసి ఎవరూ కార్పెట్టు అనలేదు. "అమ్ముతావా?" అని మావారు అడిగారు. లేదన్నాను. వారంలో రెండు గంటలు ఎవరికోసమూ కాని పని చేస్తున్నానని చెప్పడానికి మొదట నోరు రాలేదు. ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

తరగతిలో చేరడం తర్వాత. ఈ ఆదివారం వంటయ్యాక ఒక ఎండుమిరపకాయ కిటికీలో పెట్టి, దానిలో ఎన్ని ఎరుపులున్నాయో లెక్కపెట్టండి. మూడు కనిపిస్తే మీ మొదటి పాఠం అయిపోయినట్టే.