శరణార్థి మాట వినేదెవరు?

ప్రాణభయంతో ఇల్లూ వాకిలీ వదిలి పరాయి గడ్డపై అడుగుపెట్టిన మనిషి శరణార్థియా, చొరబాటుదారుడా? రోహింగ్యాల విషయమై మన దేశంలో సాగుతున్న వాదోపవాదాలన్నీ ఈ రెండు మాటల చుట్టే తిరుగుతున్నాయి. హైదరాబాదు శివారులోని బాలాపూర్ గుడిసెల్లో ఏళ్ల తరబడి తలదాచుకుంటున్న కుటుంబాలకు మాత్రం ఇది రేపు ఎక్కడ ఉంటామన్న ప్రశ్న.

ఇస్లాం తొలినాళ్లలో ఇటువంటి ప్రశ్నే ఒక రాజు ముందుకు వచ్చింది. ఖురైషుల హింసకు తాళలేక, దైవప్రవక్త (స) సలహాపై కొందరు విశ్వాసులు అబిసీనియాకు హిజ్రత్ చేశారు. వారిని వెనక్కి తెచ్చేందుకు ఖురైషులు ఇద్దరు దూతలను పంపారు. ఆ దూతలు ముందుగా ఆస్థాన పెద్దలకు కానుకలు ముట్టజెప్పి, వలస వచ్చినవారిని విచారించకుండానే అప్పగించేలా రాజుకు నచ్చజెప్పమని కోరారు. ఆస్థానం సరేనంది. నజాషీ చక్రవర్తి మాత్రం వారి మాట విననిదే అప్పగించే ప్రసక్తి లేదన్నాడు. హజ్రత్ జాఫర్ (ర) నిండు సభలో తమ గోడు చెప్పుకున్నారు. మరునాడు దూతలు కొత్త నిందతో వచ్చినప్పుడూ రాజు వారిని మళ్లీ పిలిపించి విన్నాడు. ఆ తర్వాతే అభయమిచ్చి, కానుకలను తిప్పి పంపాడు.

ఇరుపక్షాలనూ విని తీర్పు చెప్పే ఈ పద్ధతే నేడు మన దేశంలో కొరవడింది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపైగానీ, 1967 నాటి ప్రోటోకాల్‌పైగానీ భారతదేశం సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. టిబెటన్లకు, శ్రీలంక తమిళులకు ప్రభుత్వమే ఆశ్రయమిచ్చింది. ఆ ఔదార్యం ప్రశంసనీయం. మయన్మార్ నుండి వచ్చినవారిని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ విచారించి కార్డులిస్తుంది. అయితే ఆ కార్డు వారిని బహిష్కరణ నుండి కాపాడుతుందన్న భరోసా లేదు. 2019 నాటి పౌరసత్వ సవరణ చట్టం పొరుగున ఉన్న మూడు దేశాల నుండి వచ్చిన ఆరు మతాలవారికి దారి తెరిచింది. అందులో ముస్లింలు లేరు, మయన్మార్ ఊసు లేదు.

సరిహద్దులను కాపాడటం, దేశభద్రతను చూసుకోవడం తన బాధ్యత అని ప్రభుత్వం అంటోంది. ఆ బాధ్యతను కాదనలేము. వచ్చిన ప్రతివాడూ శరణార్థి కాకపోవచ్చు. అయితే ఎవరు బాధితుడో, ఎవరు కాదో తేల్చాలంటే ఒక్కొక్కరినీ విచారించక తప్పదు. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆర్టికల్ 14, 21 హక్కులు పౌరులు కానివారికీ వర్తిస్తాయని చెబుతూనే, దేశంలో నివసించే హక్కు పౌరులకే పరిమితమంది. నిర్ణీత విధానాన్ని పాటించకుండా జమ్ములోని రోహింగ్యాలను పంపరాదని కూడా చెప్పింది. కానీ ఆ విధానంలో, తిరిగి వెళితే ప్రాణానికి ముప్పుందా అని అడిగే నిబంధన చట్టరూపంలో లేకపోతే అది కాగితాల తంతుగానే మిగులుతుంది. ఇందుకోసం 2015లో శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు సభ్యుని బిల్లు ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు.

ముస్లింలు కాబట్టి రోహింగ్యాలకు ఆశ్రయమివ్వాలని కోరడం ఇస్లాం నేర్పిన న్యాయం కాదు. తౌబా సూరా 6వ ఆయతు, యుద్ధం సాగుతున్న కాలంలో సైతం, శరణు కోరిన బహుదైవారాధకునికి రక్షణ కల్పించి సురక్షిత స్థలానికి చేర్చమని ఆదేశిస్తోంది. మరోవైపు నజాషీ క్రైస్తవుడై ఉండి ముస్లింల మొర ఆలకించాడు. కనుక మన కోరిక కూడా అందరి కోసం ఉండాలి. పాకిస్తాన్ నుండి వచ్చిన హిందువైనా, ఆఫ్ఘనిస్తాన్ నుండి వచ్చిన సిక్కైనా, అరకాన్ నుండి వచ్చిన ముస్లిమైనా ఒకే చట్టం కింద, ఒకే అధికారి ముందు తన మాట చెప్పుకునే వీలుండాలి.

అటువంటి చట్టం కోసం మన ప్రజాప్రతినిధులను అడగడం పౌరులుగా మన హక్కు. అది వచ్చేవరకు, మన పొరుగున తలదాచుకున్న పిల్లల చదువు, రోగుల వైద్యం, న్యాయ సహాయం విషయంలో చేతనైన సాయం చేయడం విశ్వాసులుగా మన బాధ్యత.