సైకిల్‌పై వచ్చాడు.. ఒలింపిక్స్‌కు వెళ్లాడు!

కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు, బస్సు పాసు.. అన్నీ లెక్కేసుకుని ‘ఇది మనవల్ల కాదులే’ అనుకుంటున్నారా? అయితే తులసీదాస్ బలరామ్ కథ మీకోసమే.

ఈసారి పాతబస్తీలో పురానీ హవేలీ మీదుగా వెళ్తే ఒక్క నిమిషం ఆగండి. నగర పోలీసు కమిషనర్ ఆఫీసు ఒకప్పుడు అక్కడే ఉండేది. ఆ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టంటే అప్పట్లో దేశమంతా హడలే! 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ కొట్టుకొచ్చింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. ‘మైదాన్’ సినిమాలో అజయ్ దేవగణ్ చేసింది ఆయన పాత్రే.

ఆట వచ్చు.. దారి ఖర్చే లేదు

బలరామ్ 1936లో పుట్టాడు. ఊరు సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ. పేద కుటుంబం. ఆర్మీ జట్టుకు ఆడుతున్న ఈ కుర్ర ఫార్వర్డ్ రహీం కంట్లో పడ్డాడు. శిక్షణకు రమ్మంటే, రోజూ అంతదూరం రావడానికి తన దగ్గర డబ్బుల్లేవన్నాడు. రహీం సైకిల్ ఏర్పాటు చేశారు. అంతే, ఇక ఆగలేదు. మొహమాటపడి ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే? కథ అమ్ముగూడలోనే ముగిసేది.

1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో అతనున్నాడు. అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు రహీం తీసుకెళ్లిన భారత జట్టులోనూ ఉన్నాడు. వయసు 20. అక్కడ మనవాళ్లు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. చివరికి దక్కిన నాలుగో స్థానమే ఇప్పటికీ మన అత్యుత్తమం.

ఊరు వదిలితేనే..

1957లో బలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. ఊరు కొత్త, భాష కొత్త. నాలుగేళ్లకే ఆ జట్టుకు కెప్టెన్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై, పెరూపై గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. అదే ఏడాది అర్జున అవార్డు.

ఆ మరుసటి ఏడాదే, 27 ఏళ్లు నిండీ నిండకుండానే, అనారోగ్యం వల్ల ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న 86 ఏళ్ల వయసులో కోల్‌కతాలో కన్నుమూశారు. పద్మ పురస్కారం మాత్రం ఆయన్ను వరించలేదు.

మీరేం చేయాలి?

* అడగండి: ఫీజు కట్టలేకపోతే లెక్చరర్‌కో, కోచ్‌కో చెప్పండి. సాయం చేసేవాళ్లకు మీ ఇబ్బంది తెలియాలి కదా!

* కాగితాలు భద్రం: కాలేజీ, యూనివర్సిటీ, రాష్ట్ర స్థాయుల్లో ఆడితే ఆ సర్టిఫికెట్లు జాగ్రత్త. పోలీసు, రైల్వే ఉద్యోగాలకు స్పోర్ట్స్ కోటా ఉంది. మన సిరాజ్, నిఖత్ జరీన్‌లకు 2024లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ కొలువులిచ్చింది. అయితే ఏ పోటీలు లెక్కలోకి వస్తాయో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

* డిగ్రీ వదలొద్దు: ఒక్క గాయం, ఒక్క జబ్బు చాలు ఆట ఆగిపోవడానికి. ఒలింపియన్‌కే తప్పలేదు. మైదానం ఎంత ముఖ్యమో, పరీక్ష హాలూ అంతే ముఖ్యం.

మీ ‘సైకిల్’ ఏంటో ఇవాళే కాగితం మీద రాసుకోండి. రేపు దాన్ని ఎవరినో ఒకరిని అడగండి.