ఆస్పత్రికి బండి - చెప్పిన వేళకు రావాలి

ఊళ్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఏం చేస్తాం? 108కి ఫోన్ చేస్తాం. ఈ బండ్లు మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. గర్భిణిని ఆస్పత్రికి తీసుకుపోవాలి, కాన్పయ్యాక తల్లినీ బిడ్డనూ ఇంటికి ఉచితంగా చేర్చాలి అని 2011లో కేంద్ర ప్రభుత్వం పథకం పెట్టింది. దానికి 102 బండ్లు ఉన్నాయి.

మరి మిగతావాళ్ల సంగతేమిటి? కాలు విరిగిన ముసలమ్మ కట్టు చూపించుకోవాలి. పక్షవాతం వచ్చిన పెద్దాయన కసరత్తుకు పోవాలి. వీళ్లకు ప్రాణం మీదికి ఏమీ రాలేదు. అయినా ఆస్పత్రికి పోక తప్పదు. బస్సు ఎక్కలేరు. ఆటో కుదుపులకు ఓర్వలేరు. ఇలాంటివాళ్లను తీసుకుపోయి, తీసుకొచ్చే పనిని మహిళా సంఘం వ్యాపారంగా పెట్టుకోవచ్చు. కానీ బండి కొంటే సరిపోదు. అది ఏ రోజూ తప్పకుండా రావాలి.

ఒక్కరోజు తప్పితే?

కిడ్నీలు చెడిపోయినవాళ్లకు మిషనుతో రక్తం శుభ్రం చేస్తారు. దీన్ని డయాలసిస్ అంటారు. చాలామందికి వారానికి 3 సార్లు చేయాలి. ఒక్కోసారి సుమారు 4 గంటలు పడుతుంది. పేదలకు దీన్ని ఉచితంగా చేయాలని 2016లో జాతీయ పథకం వచ్చింది. అయినా ఇంటినుంచి మిషను దాకా చేరడమే చాలామందికి పెద్ద పని.

బండి రాలేదని ఒకసారి మానేస్తే ఏమవుతుంది? ఒంట్లో నీరు చేరుతుంది. ఆయాసం వస్తుంది. రక్తంలో పొటాషియం అనే లవణం పెరుగుతుంది. అది మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. అందుకే ఈ వ్యాపారంలో 'రేపు వస్తాంలే' అనే మాట పనికిరాదు.

ఎన్ని బండ్లు కావాలి?

ముందు మనుషులను లెక్కపెట్టాలి. ఆ తర్వాతే బండ్లు. ఒక మండలంలో డయాలసిస్ చేయించుకునేవాళ్లు 12 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి వారానికి 3 సార్లు. అంటే 36. వారానికి 6 రోజులు నడిపితే, రోజుకు ఆరుగురు.

డ్రైవరు కాక ఆరుగురు కూర్చునే బండి తీసుకుందాం. ముగ్గురు రోగులు, ముగ్గురు తోడు పడతారు. ఉదయం 7కి మొదటి ముగ్గురిని ఆస్పత్రిలో దించుతుంది. ఖాళీగా తిరిగి వస్తుంది. 12కి ఇంకో ముగ్గురిని దించి, మొదటివాళ్లను ఎక్కించుకుని వస్తుంది. సాయంత్రం ఖాళీగా పోయి రెండోవాళ్లను తెస్తుంది. చూశారా? ఒక్క బండే సరిపోయింది.

కానీ టైరు పేలితే? డ్రైవరుకు జ్వరం వస్తే? అందుకే మొదటి రోజునుంచే ఇంకో బండి యజమానితో కాగితం మీద ఒప్పందం రాసుకోవాలి. ఇంకో డ్రైవరును కూడా చూసి ఉంచుకోవాలి. రోగులు పెరిగాక రెండో బండి సొంతంగా కొనుక్కోవచ్చు.

ఖర్చు లెక్క

ఆస్పత్రి 20 కిలోమీటర్ల దూరం అనుకుందాం. బండి రోజుకు 6 సార్లు ఆ దారి తిరుగుతుంది. 120 కిలోమీటర్లు. నెలకు 25 రోజులకు 3,000 కిలోమీటర్లు. ఖర్చు ఇలా ఉందనుకుందాం:

అప్పు వాయిదా - రూ. 14,000
డ్రైవరు జీతం - రూ. 15,000
డీజిల్, 200 లీటర్లు - రూ. 20,000
ఇన్సూరెన్సు, పన్ను, పర్మిట్ - రూ. 4,000
టైర్లు, రిపేర్లు - రూ. 4,000
అవసరానికి దాచేది - రూ. 3,000
మొత్తం - రూ. 60,000

60,000ను 3,000తో భాగిస్తే కిలోమీటరుకు 20 రూపాయలు. ఆ ధరే పెట్టామా, నష్టపోతాం. ఎందుకంటే రోజూ 6 సార్లలో 2 సార్లు బండి ఖాళీగానే పోతుంది. మనుషులతో తిరిగేది 2,000 కిలోమీటర్లే. అప్పుడు కిలోమీటరుకు 30 రూపాయలు రావాలి. ముగ్గురూ పంచుకుంటే ఒక వైపుకు తలా 200 రూపాయలు. ఖాళీ బండి భారం చివరికి రోగి మీదే పడుతుంది. ఖాళీగా పోయేటప్పుడు కట్టుకో, పరీక్షలకో పోయేవాళ్లను ఎక్కించుకుంటే అందరికీ ధర తగ్గుతుంది.

కాగితాలు, జాగ్రత్తలు

కిరాయికి తిప్పే బండికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి. పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు కాగితాల గడువు తేదీలు గోడమీద రాసిపెట్టుకోవాలి. సొంతానికని తీసుకున్న తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు డబ్బు రాకపోవచ్చు.

చక్రాల కుర్చీతో ఎక్కించేలా బండి చేయిస్తే, కుర్చీని నాలుగు పట్టీలతో నేలకు బిగించాలి. కూర్చున్న మనిషికి వేరే బెల్టు పెట్టాలి.

డయాలసిస్‌కు సూది గుచ్చే చెయ్యి పట్టుకుని లాగకూడదు. తిరిగి వచ్చేటప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. మెల్లగా దించాలి. ఇంట్లోవాళ్లకు అప్పగించాకే బండి కదలాలి.

గుండెనొప్పి, బాగా ఆయాసం, మూర్ఛ, ఆగని రక్తం - ఇవి కనిపిస్తే కిరాయికి ఆశపడి మన బండిలో ఎక్కించుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

సంఘంలో మాట్లాడుకోండి

1. మన ఊళ్లో ఆస్పత్రికి తరచుగా పోయేవాళ్లు ఎంతమంది? పేర్లు, రోజులు రాయండి.
2. మన ఊరినుంచి ఆస్పత్రి ఎంత దూరం? పైన చేసినట్టు ఖర్చు లెక్క వేయండి.
3. మన బండి ఆగిపోతే, ఆ రోజు ఎవరి బండి వస్తుంది?

మూడో ప్రశ్నకు జవాబు దొరికాకే అప్పు కాగితం మీద సంతకం పెట్టండి.