బండి వెనుక దుమ్ము

మామిడికాయల కాలము వచ్చినదనిన నూజివీడు ప్రాంతమున త్రోవలన్నియు బండ్లతో నిండిపోవును. ఏప్రిల్ మొదలు జూన్ వరకు బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు మున్నగు కాయల నెత్తుకొని లారీలును, ట్రాక్టర్లును తోటలనుండి బయలుదేరును. వానిలో ననేకము ఆగిరిపల్లి మీదుగా నున్న గ్రామమునందలి మామిడి మార్కెట్టునకు జేరును. తోటలలోని బాటలు ఎఱ్ఱమట్టి బాటలు. ఎండల కెండి, చక్రముల క్రింద నలిగి, ఆ మట్టి పిండివలె నగును. అట్టి బాటను దాటివచ్చిన కారును గాని, బస్సును గాని యొకసారి చుట్టు తిరిగి చూడుడు. ముందుభాగమున దుమ్ము పలుచగనే యుండును. వెనుకభాగము మాత్రము జేగురు పూసినట్లుండును.

ఇందొక చిక్కు గలదు. దుమ్మును లేపునవి చక్రములు. అది పైకి లేచునప్పటికే బండి ముందునకు సాగిపోవుచున్నది. కావున దుమ్ము బాటమీదనే మిగిలిపోవలెను గదా! వెనుకబడిన దుమ్ము పరుగెత్తు బండి నందుకొనుట యెట్లు?

దానిని కొనివచ్చునది గాలి. గాలి కంటికి గనబడకున్నను నీటివలెనే ప్రవహించు పదార్థము. పాఱుచున్న కాలువ నడుమ నొక గుంజను పాతి చూడుడు. నీరు గుంజకు తగిలి రెండుపాయలై చీలును. ఆ పాయలు గుంజను దాటినవెంటనే కలిసికొనవు. గుంజకు దిగువ ప్రక్కను నీరు సుడులు తిరుగుచుండును. అందు జిక్కిన ఆకులును, నురుగును ప్రవాహముతో పోక, మరల గుంజవైపునకే వచ్చి చేరుచుండును. వంతెన స్తంభముల దిగువను వరదనాడు మనము చూచునదియు నిదియే.

కాలువలో గుంజ నిలిచియుండ నీరు కదలును. బాటమీద గాలి నిలిచియుండ బండి కదలును. ఫలమొక్కటియే. బండి ముందుభాగము గాలిని చీల్చును. చీలిన గాలి పైనుండియు, ప్రక్కలనుండియు, అడుగునుండియు వెనుకకు జారును. వెనుక గోడవలె తెగియున్నచోట గాలి యొక్కసారిగా మలుపు తిరుగలేక అంచునుండి విడిపోవును. అందువలన బండి వెనుక గాలి యొత్తిడి కొంత తగ్గును. అచ్చట గాలి లేకపోదు. సుడులు తిరుగు గాలి బండితోకూడ సాగుచుండును. చక్రములు లేపిన దుమ్ము ఆ సుడులలో బడి, పైకెక్కి, ముందునకు మరలి బండి వీపునకు అంటుకొనును. బస్సు పోయిన పిమ్మట ఎండుటాకులును, కాగితపు ముక్కలును దాని వెంట కొంతదూరము పరుగెత్తుటకు గూడ కారణమిదియే.

ఈ యొత్తిడిలోని తగ్గుదల మిక్కిలి స్వల్పము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు కారు వెనుక అది మామూలు గాలి యొత్తిడిలో వెయ్యవవంతైనను గాదు. అయినను పిండివంటి దుమ్మునకు అంతమాత్రము చాలును. ఇసుకరేణువులు బరువైనవి గాన బాటమీదనే రాలిపోవును. సన్నని ధూళి గాలి యెటు తిరిగిన నటు తిరుగును. వానకాలమున చక్రములు చిమ్మిన బురదనీటి తుంపరలును ఈ దారినే వచ్చి అంటుకొని, నీరారిన పిమ్మట మట్టిపూతగా మిగులును.

వేగము రెండింతలైన ఈ లాగుడు సుమారు నాలుగింతలగును. ఎద్దుబండి వెనుక ఇంతటి సుడి పుట్టకపోవుటకు దాని మందగమనమే హేతువు. ఆకారమునుబట్టియు భేదము గలదు. వెనుక నిలువుగా తెగియున్న బస్సులకును, వ్యానులకును వీపంతయు దుమ్ము పట్టును. వెనుక అద్దము వాలుగానుండి, దాని దిగువ సామానుపెట్టె గల కార్లలో గాలి ఆ వాలువెంట జారిపోవును గాన అద్దము కొంత శుభ్రముగా నుండును. వీపు నిలువుగానుండు కార్లకు వెనుక అద్దమునకు గూడ తుడుపుకఱ్ఱ నమర్చుటకు కారణమిదియే.

ఇది బండి యందమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు బండి వెనుక ఎఱ్ఱదీపమును, నంబరు పలకపై తెల్లని వెలుగును ఉండవలెనని విధించినవి. ఆ దీపము లుండుచోటనే దుమ్ము పేరుకొనును. కాయల బరువుతో రాత్రివేళ మెల్లగా బోవు ట్రాక్టరు వెనుక దీపము మట్టిచే కప్పబడినయెడల, వెనుకనుండి వచ్చువానికి అది దగ్గరకు వచ్చువరకు గానరాదు.

మఱియొక యపాయమును గలదు. దుమ్ము వచ్చిన దారినే పొగగొట్టము విడిచిన పొగయు బండి వీపునకు మరలివచ్చును. అందు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొడవైన సామాను పట్టుటకై కారు వెనుక తలుపు తెఱచియుంచి నడిపినచో అది లోపలివారికి సోకి ప్రాణహాని కలిగింపవచ్చును.

కావున తోటబాట దాటి తారురోడ్డు నెక్కుటకు ముందు బండి నాపి, వెనుక దీపములను, ఎఱ్ఱని మెఱుపు బిళ్లలను, నంబరు పలకను తడిగుడ్డతో తుడువుడని మీ యింటి యువకులకును, బండి తోలువారికిని చెప్పుడు. చక్రముల వెనుక మట్టిరేకు లూడియున్న వేయింపుడు. వెనుక తలుపు మూసి కదలుమనుడు. ఇంతకును గావలసినది రెండు నిమిషములకాలము, చెంబెడు నీరు.