గోడ దూకిన పూలు

టికెట్ లేని ప్రయాణికుల్లో అగ్రతాంబూలం ఆక్స్‌ఫర్డ్ రాగ్‌వర్ట్‌కే ఇవ్వాలి. సిసిలీ ద్వీపంలో ఎట్నా అగ్నిపర్వతం మీద బతికే ఈ చామంతి చుట్టాన్ని ఆక్స్‌ఫర్డ్ బొటానికల్ గార్డెన్‌లో ముచ్చటపడి పెంచారు. 18వ శతాబ్దం ముగిసేలోగా అది తోట దాటి ఊళ్లోని రాతిగోడల సందుల్లో మొలిచింది. 1844లో ఊరికి రైలొచ్చింది. పట్టాల కింద పోసిన బొగ్గు చిట్టెం దానికి పుట్టింటి లావాలా తోచిందేమో, ఇక ఆగలేదు. దూదిపింజల్లాంటి విత్తనాలు రైలు గాలికి లేచి ఊరూరా దిగాయి. ఆక్స్‌ఫర్డ్‌లో తన రైలుపెట్టెలోకి ఎగిరొచ్చిన విత్తనాలు టైల్‌హర్స్ట్ దగ్గర బయటికెళ్లడం వృక్షశాస్త్రవేత్త జార్జ్ డ్రూస్ కళ్లారా చూశాడు.

బంగారు పతకం కొట్టిన కలుపు మొక్క జపాన్ నాట్‌వీడ్. 1847లో నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో ఉద్యాన సంఘం దాన్ని ఆ ఏటి మేటి కొత్త అలంకార మొక్కగా సత్కరించింది. ఇప్పుడు బ్రిటన్‌లో ఇల్లు అమ్మేవాళ్లు పెరట్లో అది ఉందో లేదో చెప్పుకోవాలి. అక్కడున్నవన్నీ దాదాపు ఒకే ఆడమొక్క పిలకలట! వేరుముక్క పడితే చాలు, కొత్త సంసారం మొదలు.

ఆకు సైజులో మొదటి బహుమతి మికోనియాది. మీటరు దాకా పెరిగే ఆకు, అడుగున వంకాయ రంగు. ఆ అందానికే 1937లో తాహితీలో నాటారు. ఇప్పుడు దీవిలో మూడింట రెండు వంతులు దాని నీడే.

వేగంలో గుర్రపు డెక్క. నీలిపూల మోజుతో దేశదేశాలకు తెచ్చుకున్నారు. అదను దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. మన చెరువుల సంగతి తెలిసిందే.

విస్తీర్ణంలో మన లాంటానా సామాన్యురాలు కాదు. కొన్నిచోట్ల పులికంప, ఇంకొన్నిచోట్ల తలంబ్రాల మొక్క అంటారు. ఒకే గుత్తిలో నడుమ పసుపు, అంచున గులాబీ పూలు. ఆకు నలిపితే ఘాటు వాసన. పశువు మూతిపెట్టదు. నల్లటి పండ్లు మాత్రం పికిలిపిట్టలకు విందు, అడవంతా విత్తింది అవే. 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా తోటకు తెచ్చిన ఈ మొక్క మన దేశంలో సుమారు 1,54,000 చదరపు కిలోమీటర్ల అడవిలో అల్లుకుందని 2020 నాటి లెక్క. తెలంగాణ మొత్తం కలిపినా అంత లేదు.

నీలగిరుల్లో గిరిజనులు ఈ కంప కొట్టి, కాడలు ఉడకబెట్టి, బెరడు వలిచి, ఇనుప చట్రం మీద వంచి నిలువెత్తు ఏనుగుల్ని అల్లుతున్నారు. 2021లో ఆ మంద లండన్ పార్కుల్లో విడిది చేసింది.