విద్యావిధాన సంస్కరణము: బడికిని పనికిని గల యెడము

విద్యావిధాన సంస్కరణమనగానే మనలో పలువురకు పాఠ్యపుస్తకములు మారుట, పరీక్షలు మారుట, తరగతుల లెక్క మారుట జ్ఞప్తికి వచ్చును. ఇవి పైపై మార్పులు. భారతదేశమున 1937 మొదలు జరిగిన సంస్కరణ యత్నములన్నింటి వెనుకను ఒక చిక్కు ప్రశ్న నిలిచియున్నది: బడిచదువును, బ్రతుకుతెరువునకు వలసిన పనిని ఒకే త్రోవలో పెట్టుట యెట్లు? దానితో కవలగా పుట్టిన ప్రశ్న మరియొకటి కలదు: ఆ చదువు ఏ భాషలో సాగవలెను? స్వరాష్ట్రమున నున్న తెలుగువానికి ఈ రెండును వేరువేరుగా ఎదురుపడవచ్చును. తరతరములుగా అన్యభాషాప్రాంతములందు స్థిరపడిన మనకు మాత్రము అవి ఒక్కసారే ఎదురగును. కావున ఈ చరిత్రను కొంచెము నిదానముగా పరిశీలింతము.

1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని అధ్యక్షతన విద్యావేత్తల సమావేశము జరిగెను. ఏడేండ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషయందు బోధన, ఒక చేతివృత్తి కేంద్రముగా సకల విషయముల బోధన, ఇవి ఆ తీర్మానముల సారము. డాక్టరు జాకీర్ హుస్సేను అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యప్రణాళికను కూర్చెను. నూలు వడకుట నూలు కొరకు మాత్రమే కాదు. దారమును కొలుచునప్పుడు గణితము, ప్రత్తి పండు నేలను గూర్చి చెప్పునప్పుడు భూగోళము, వస్త్రవ్యాపారమును గూర్చి చెప్పునప్పుడు చరిత్ర రావలెనని ఉద్దేశము. భావన గొప్పది. కాని ఆచరణలో అనేక బడులయందు రాట్నము మిగిలెను, గణితము దానినుండి విడివడెను. అట్లు బోధింపగల ఉపాధ్యాయుడు శాస్త్రమును, వృత్తిని రెండింటిని ఎరిగినవాడై యుండవలెను. అట్టివారిని తయారుచేయు ఏర్పాటు చాలినంత లేదు. అంతకన్న పెద్ద లోపము వేరొకటి కలదు. బేసిక్ పాఠశాల ముగించిన బాలుడు పిదప ఎక్కడికి పోవలెను? ఉన్నత పాఠశాలలో రాట్నమునకు మార్కులు లేవు.

ఈ విషయమున మిక్కిలి బోధప్రదమైన ఉదాహరణము మద్రాసు రాష్ట్రమున జరిగినది. 1953లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము గ్రామీణ ప్రాథమిక పాఠశాలల కొక మార్పు ప్రవేశపెట్టెను. పిల్లలు దినమునకు మూడు గంటలు మాత్రము బడికి రావలెను. తక్కిన వేళ ఇంటివద్ద తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలెను. బడి రెండు పూటలుగా నడచును గనుక, ఉన్న గదులతో, ఉన్న ఉపాధ్యాయులతో ఎక్కువమందికి చదువు చెప్పవచ్చునని లెక్క. ఆంధ్రరాష్ట్రము అదే యేడు అక్టోబరు 1న వేరుపడుటకు ముందే ఈ పద్ధతి అమలునకు వచ్చెను. లెక్కగా చూచిన తప్పు లేనట్లే తోచును. కాని తండ్రి వృత్తి కొడుకు నేర్చుకొనవలెననుట మన సంఘములో కులవృత్తిని స్థిరపరచుటయే యగునని ద్రావిడోద్యమమువారు తీవ్రముగా ప్రతిఘటించిరి. దానికి కులవిద్య యని పేరుపెట్టిరి. చాకలి బిడ్డ చాకలిపనికే, మంగలి బిడ్డ మంగలిపనికే పోవలెనా యను వారి ప్రశ్నకు ప్రభుత్వమువద్ద సరియైన జవాబు లేకపోయెను. 1954లో కామరాజుగారు ముఖ్యమంత్రియై ఆ పథకమును రద్దుచేసిరి. అందు రాజాజీ ఉద్దేశము మంచిదా, కాదా యను చర్చ ఇప్పటికిని కలదు. నా దృష్టిలో ఉద్దేశమునకన్న త్రోవ ముఖ్యము. బడినుండి పనికి పోవు దారి మాత్రమే ఉండి, పనినుండి పైచదువునకు తిరిగివచ్చు దారి లేనప్పుడు, పేదవాడు దానిని వలగా భావించుట సహజము. అతని అనుమానము అజ్ఞానము కాదు.

తరువాతి సంఘములు ఈ చిక్కును ఎరుగకపోలేదు. కర్నూలులో జన్మించిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము, సాంకేతిక, వాణిజ్య, వ్యవసాయాది శాఖలతో బహుళార్థసాధక పాఠశాలలను సూచించెను. 1964లో నియమితమై 1966లో నివేదిక నిచ్చిన కొఠారీ సంఘము మరింత ముందుకు పోయి, ఇరువదేండ్లలో పదవ తరగతి దాటినవారిలో సగముమంది వృత్తివిద్యలందుండవలెనని ఆశించెను. జాతీయాదాయములో నూటికి ఆరు పాళ్లు విద్యకు వ్యయింపవలెననియు చెప్పెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ఆ సగమును తగ్గించి, 1990 నాటికి నూటికి పదిమంది, 1995 నాటికి ఇరువదియైదుగురు అనెను. 1992లో ఆ గడువులును ఐదేండ్లు వెనుకకు జరిగెను. 2020 జూలైలో వెలువడిన విధానము, 2025 నాటికి విద్యార్థులలో సగముమందికైనను ఏదో యొక వృత్తితో పరిచయము కలుగవలెననెను. సగము మరల వచ్చినది. కాని కొఠారీ కోరినది వృత్తివిద్య, 2020 కోరినది వృత్తిపరిచయము. ఈ రెంటికి గల భేదమును పాఠకులు గమనింపగలరు. ఆరు పాళ్ల మాట మాత్రము 2020లోను యథాతథముగా నున్నది! పండ్రెండవ పంచవర్ష ప్రణాళిక లెక్కను ఆ విధానపత్రమే ఉదాహరించినది: 19 మొదలు 24 ఏండ్ల వయస్సుగల శ్రామికులలో క్రమబద్ధమైన వృత్తిశిక్షణ పొందినవారు మన దేశమున నూటికి ఐదుగురైనను లేరు, జర్మనీలో డెబ్బదియైదుగురు, దక్షిణ కొరియాలో తొంబదియారుగురు కలరు.

ఇంత వెనుకబాటునకు ధనాభావ మొక్కటే కారణము కాదు. బడి విద్యాశాఖ క్రిందను, శిక్షణ కార్మికశాఖ క్రిందను చిరకాలము నడచినవి. 1950లో ఆరంభమైన చేతిపనివారి శిక్షణపథకము, దానివలన వెలసిన ఐ.టి.ఐ.లు, 1961 నాటి అప్రెంటిసు చట్టము, ఇవన్నియు ఒక ప్రపంచము. పాఠశాల, కళాశాల మరియొక ప్రపంచము. ఐ.టి.ఐ.లో రెండేండ్లు కష్టించి ఫిట్టరైన యువకునికి ఆ రెండేండ్లు డిగ్రీ చదువునకు లెక్కలోనికి వచ్చెడివి కావు. 2013లో ప్రకటితమైన జాతీయ నైపుణ్యార్హతల చట్రము, 2023 నాటి క్రెడిట్ల చట్రము ఈ గోడకు తలుపు పెట్టుటకు పుట్టినవే. చదువైనను, శిక్షణయైనను, పనిలో గడించిన అనుభవమైనను గంటలుగా లెక్కించి, ఒకచోటి లెక్కను వేరొకచోట చెల్లనిచ్చుట దీని కీలకము. బడికి పోకయే నేర్చిన పనిని పరీక్షించి పత్రమిచ్చు ఏర్పాటు కూడ నిందు కలదు.

ఈ యేర్పాటు మనవారికి మిక్కిలి సన్నిహితమైనది. షోలాపురమున పద్మశాలీలు మొదలగు తెలుగువారు మగ్గమును నమ్ముకొని తరతరములుగా స్థిరపడియున్నారు. అట్టి యింట పుట్టిన బిడ్డ పడుగు, పేక, కండె, నాడె అను మాటలను తల్లి నోటనే వినును. పోగుల లెక్కలో అక్షరాభ్యాసమునకు ముందే గణితము నేర్చును. బడిలో ఆ లెక్కకు గాని, ఆ మాటకు గాని చోటు లేదు. వార్ధా తీర్మానమున పక్కపక్కనే నిలిచిన మాతృభాషయు చేతిపనియు ఆ బిడ్డ విషయమున ఒకేసారి గడపబయట నిలిచిపోయినవి.

భాష విషయమున హక్కులు కాగితముపై చిన్నవి కావు. బడిలో నలువదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని విద్యార్థులున్నచో ప్రాథమిక దశలో వారి మాతృభాషలో బోధన ఏర్పరుపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రముల కీ బాధ్యతను గుర్తుచేయును. అయినను తమిళనాట 2006 నాటి చట్టము పదవ తరగతివరకు తమిళమును మొదటి భాషగా నిర్బంధము చేయగా, తెలుగు మొదలగు అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు వెసులుబాటునకై న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చినది. కర్ణాటకమున వేరొక విధము. ప్రాథమిక దశలో మాతృభాషామాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపజాలదనియు, ఎన్నుకొను స్వేచ్ఛ తల్లిదండ్రులదనియు 2014 మే నెలలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పు వలన ప్రభుత్వము తెలుగు బిడ్డపై పరభాషను రుద్దుట కష్టమైనది. తెలుగు తల్లిదండ్రులు తమంతట తామే ఇంగ్లీషును ఎన్నుకొనుట సులభమైనది.

కావున ఇప్పుడు తెలుగు తరగతి నిలుచుట యనునది ప్రభుత్వము చేతిలో నున్నంతయు పదిమంది తల్లిదండ్రుల సంతకములలో నున్నది. అర్జీ పట్టుకొని ఇంటింటికి తిరిగిన మన సంఘ కార్యకర్తలకు ఎదురగు ప్రశ్న తెలియనిది కాదు: "తెలుగులో చదివించెదము సరే నాయనా, తరువాత ఏ కాలేజీలో చేర్చుకొందురు?" బేసిక్ పాఠశాల వాకిట రైతు అడిగినదియు, 1953లో మద్రాసు పల్లెలయందు తండ్రులు అడిగినదియు ఈ ప్రశ్నయే.