కుక్కల గడ్డంపై మొటిమలు: గుర్తింపు, చికిత్స, యాజమాన్యం

పెంపుడు కుక్కల కింది పెదవి, గడ్డం, మూతి భాగాలలో వచ్చే ఎర్రని పొక్కులను వాడుకలో మొటిమలు అంటారు. పశువైద్య గ్రంథాలలో సైతం చాలాకాలం ‘కెనైన్ ఆక్నే’ అన్న పేరే కొనసాగింది. నేటి చర్మవైద్య గ్రంథాలు దీనిని మూతి భాగంలోని రోమకూపాల శోథగాను, అది ముదిరి ఏర్పడే సెగగడ్డలుగాను వర్ణిస్తున్నాయి. ఇది కేవలం పరిభాషలో వచ్చిన మార్పు కాదు. మొటిమ అని నమ్మిన యజమాని మొటిమకు చేసేదే చేస్తాడు. గిల్లుతాడు, ఇంట్లో ఉన్న క్రీము రాస్తాడు. ఈ వ్యాధిలో ఆ రెండు పనులూ హాని చేసేవే.

1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటు చరిత్రతో ముడిపడిన పేటలలో రెజిమెంటల్ బజార్ ఒకటి. పటాలాల జ్ఞాపకం దాని పేరులోనే ఉంది. రైల్వే స్టేషనుకు చేరువలోని ఈ పాత పేటవంటి ఇరుకైన ప్రాంతాలలో పెరట్లు తక్కువ. అటువంటి ఇంట పెరిగే బాక్సర్ లేదా రాట్‌వైలర్ పిల్ల పగలంతా సిమెంటు గచ్చుపై గడ్డం ఆనించి పడుకుంటుంది. వీధిలో ఏ అలికిడి అయినా ఇనుప గ్రిల్లుకు మూతి రుద్దుతూ మొరుగుతుంది. వ్యాధి మూలాన్ని అర్థం చేసుకోవడానికి ఈ దృశ్యం చాలు.

వ్యాధి కలిగే తీరు

మనుషులలో మొటిమలకు యౌవనారంభంలో పెరిగే హార్మోన్లు, తైలగ్రంథుల అధిక స్రావం ప్రధాన కారణాలు. కుక్కలలోనూ వ్యాధి సాధారణంగా 5 నుండి 8 నెలల వయసులో, అంటే యుక్తవయసు సమీపించేటప్పుడే మొదలవుతుంది. అందువల్ల పూర్వం దీనినీ హార్మోన్ల ఖాతాలో వేశారు. అయితే ఆ సంబంధం రుజువు కాలేదు. బాక్సర్, డాబర్‌మన్, బుల్‌డాగ్, గ్రేట్ డేన్, మాస్టిఫ్, రాట్‌వైలర్ వంటి పొట్టి, బిరుసు వెంట్రుకల జాతులలోనే ఇది ఎక్కువగా కనబడడం గమనార్హం. ఒత్తిడి, రాపిడి వల్ల ఈ వెంట్రుకలు చర్మం లోపలే విరుగుతాయి. రోమకూపం పగిలి, విరిగిన ముక్క లోపలి పొరలోకి చొచ్చుకుపోతుంది. అరికాలిలో విరిగిన ముల్లును శరీరం ఎలా ఎదుర్కొంటుందో ఈ ముక్కనూ అలాగే పరాయి వస్తువుగా ఎదుర్కొంటుంది. తొలిదశలో ఈ వాపులో సూక్ష్మజీవులు ఉండకపోవచ్చు. తరువాత చర్మంపై సహజంగా నివసించే స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ ప్రవేశించి చీము పట్టిస్తుంది. 2005లో ప్రత్యేక జాతిగా వర్ణించిన ఈ బాక్టీరియా కుక్కల చర్మవ్యాధులలో తరచుగా బయటపడుతుంది.

పొక్కును గిల్లినప్పుడు జరిగేది దీనినిబట్టి ఊహించవచ్చు. పైకి కొంత చీము వచ్చినా, మిగిలిన వెంట్రుక ముక్కలు మరింత లోతుకు పోతాయి. పక్కనున్న రోమకూపాలు కూడా పగులుతాయి. చివరకు వెంట్రుకలు మొలవని గట్టి మచ్చ మిగులుతుంది.

తొలుత గడ్డంపై విడివిడిగా ఎర్రని చిన్న పొక్కులు కనిపిస్తాయి. కుక్కకు బాధ ఉండకపోవచ్చు. వ్యాధి ముదిరితే సెగగడ్డలు లేచి, రక్తంతో కలిసిన రసి కారుతుంది. తాకనివ్వదు. తేలికపాటి వ్యాధి చాలా కుక్కలలో ఏడాది వయసు దాటాక తగ్గిపోతుంది. కొన్నింటిలో జీవితాంతం తిరగబెడుతూనే ఉంటుంది.

క్రీముకు ముందు సూక్ష్మదర్శిని

గడ్డంపై పొక్కులన్నీ ఈ వ్యాధివే కావు. డెమోడెక్స్ పురుగు వల్ల వచ్చే గజ్జి కూడా చిన్న వయసులోనే, ముఖంపైనే మొదలు కావచ్చు. శిలీంధ్రాల వల్ల వచ్చే తామర మరొకటి. ఇది పిల్లలకూ అంటుకుంటుంది. మూడు వారాల నుండి నాలుగు నెలల వయసు పిల్లలలో పెదవులు, కనురెప్పలు హఠాత్తుగా ఉబ్బి, దవడ కింది లింఫు గ్రంథులు వాచి, జ్వరం కనిపిస్తే అది బాల్యదశ చర్మశోథ. దానికి స్టిరాయిడ్లే ప్రధాన చికిత్స. డెమోడెక్స్ గజ్జిలో అవే స్టిరాయిడ్లు రోగనిరోధక శక్తిని అణచి పురుగులను విజృంభింపజేస్తాయి. పైకి ఒకేలా కనిపించే ఈ వ్యాధులలో ఒకదానికి మందు అయినది మరొకదానికి విషంతో సమానం.

ఇంట్లో ఉన్న క్రీము వల్ల వచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది. మనుషుల తామరకని అమ్మే క్రీములలో చాలావాటిలో శిలీంధ్రనాశని, యాంటీబయోటిక్‌లతోపాటు శక్తిమంతమైన స్టిరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. 2018లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ చర్మంపై రాసే 14 స్టిరాయిడ్లను వైద్యుని చీటీపైనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా పాత గొట్టం అల్మారాలోనే ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గుతుంది, యజమాని సంతోషిస్తాడు, అసలు వ్యాధి మరుగున పడుతుంది.

కాబట్టి ఏ మందుకైనా ముందు చర్మాన్ని లోతుగా, రక్తం చెమర్చేవరకు గీకి నమూనా తీయాలి. ఒక బ్లేడు, గాజుపలక, చుక్క ఖనిజ నూనె, తక్కువ వర్ధన శక్తిగల సూక్ష్మదర్శిని చాలు. 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది ఇదే సికింద్రాబాదులో, నేటి పరికరాల ముందు సాదాసీదా సూక్ష్మదర్శినితో. రసిని పలకపై అద్ది రంగువేసి చూస్తే బాక్టీరియా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. లోతైన గడ్డలు ఉన్నా, మునుపటి మందులు పనిచేయకపోయినా బాక్టీరియా కల్చర్, ఔషధ గ్రాహ్యత పరీక్ష తప్పనిసరి. తామరపై అనుమానం ఉంటే శిలీంధ్ర కల్చర్ చేయించాలి.

చికిత్స

పొక్కులు కొద్దిగా ఉండి చీము లేకపోతే రాపిడి తగ్గించి గమనిస్తే సరిపోతుంది. అవసరమైతే 2 నుండి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో గడ్డాన్ని శుభ్రపరచవచ్చు. 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ రోమకూపాలను శుభ్రపరచి బాక్టీరియాను తగ్గిస్తుంది. మనుషులకు వాడే 5 శాతం జెల్ కుక్క చర్మాన్ని మండిస్తుంది. ఈ మందు తువ్వాళ్లు, పరుపు గుడ్డల రంగును తినేస్తుందని ముందే చెప్పడం మంచిది. లేకుంటే యజమాని మూడో రోజే మానేస్తాడు. ఏది రాసినా ఆరేవరకు నాకకుండా చూడాలి. రుద్దకూడదు, అద్దాలి.

లోతైన చీముగడ్డలు ఉన్నప్పుడే నోటి ద్వారా యాంటీబయోటిక్‌లు ఇవ్వాలి. సెఫలెక్సిన్‌ను కిలో శరీర బరువుకు 22 నుండి 30 మి.గ్రా. చొప్పున 12 గంటలకొకసారి ఇస్తారు. 3 వారాల తరువాత తిరిగి పరీక్షించి కొనసాగింపును నిర్ణయించాలి. పైచర్మం మామూలుగా కనిపించగానే యజమానులు మందు ఆపేయడం, లోపలి గడ్డ అలాగే ఉండిపోవడం తరచుగా జరిగేదే. అందుకే గడ్డాన్ని వేలితో తడిమి గట్టిదనం పోయిందని నిర్ధారించుకోవాలి. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ రకాలు పెరుగుతున్న దృష్ట్యా, మ్యూపిరోసిన్ లేపనాన్ని పరీక్ష లేకుండా రాయడం తగదు. డెమోడెక్స్, బాక్టీరియా రెండూ లేవని తేలి, వాపు తీవ్రంగా ఉంటేనే పశువైద్యుడు కొద్దికాలం స్టిరాయిడ్ ఇవ్వవచ్చు.

ఇంటి వద్ద

మందు ఆగాక వ్యాధి తిరగబెట్టడం, పెట్టకపోవడం చాలావరకు ఇంటి ఏర్పాటుపై ఆధారపడుతుంది. గచ్చుపై గోనెపట్టా కంటే ఉతకడానికి వీలైన మెత్తని దుప్పటి మేలు. గోనె తానే గరుకు. కుక్క నిలబడే ఎత్తువరకు గ్రిల్లుకు నున్నని రేకు బిగిస్తే రాపిడి తగ్గుతుంది, వీధి కనిపించక మొరగడం కూడా తగ్గవచ్చు. గీతలు పడిన ప్లాస్టిక్ గిన్నెల స్థానంలో స్టీలు గిన్నెలు వాడి రోజూ కడగాలి. తిన్న తరువాత, ముఖ్యంగా వానాకాలంలో, గడ్డాన్ని తడి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. గట్టి ఎముకలు, కొబ్బరి చిప్పలు కొరకనివ్వడం మానాలి. గడ్డం వెంట్రుకలను గొరగడం వద్దు. తిరిగి మొలిచే మొనలు మరింత బిరుసుగా చర్మాన్ని గుచ్చుతాయి.

ఏడాదిన్నర దాటినా పొక్కులు తగ్గకపోతే, లేదా పెద్ద వయసు కుక్కలో కొత్తగా మొదలైతే, చర్మాన్ని మళ్లీ గీకి చూడాలి. అలర్జీలు, హార్మోన్ల లోపాల కోసం పరీక్షించాలి. అవసరమైతే చర్మపు ముక్కను బయాప్సీకి పంపాలి.